పూర్వుల పటములు

మన యిండ్లలో గోడలకు వ్రేలాడు పాత పటములను చూపి మనము రెండు మాటలు చెప్పుట వాడుక. "వీరు మా ముత్తాతగారు" అనునది మొదటి మాట. "ఆ కాలము వేఱు" అనునది రెండవ మాట. మొదటి మాటలో గర్వమున్నది. రెండవ మాటలో తప్పించుకొనుట యున్నది. పూర్వుల ఇంటిని, పొలమును, పేరును మావియని చెప్పుకొనునపుడు మనకు కాలభేదము అడ్డురాదు. వారు చేసిన అన్యాయపు మాట వచ్చినపుడు మాత్రము కాలము వేఱగుచున్నది. ఇది న్యాయమేనా? తన వంశచరిత్రమును వెదకువాఁడు దొరికినదంతయు చెప్పవలయునా, లేక ఇంటి పరువు నిలుచునంతమట్టుకే చెప్పి ఊరకుండవలయునా? ఈ ప్రశ్న మాకు గ్రంథములలో ఎదురుపడలేదు. మా యింటి పెట్టెలోని ఒక పటములో ఎదురయినది. అందుచే దానిని పాఠకుల యెదుట నుంచుచున్నాము.

మా యూరు రంగారెడ్డి జిల్లాలోని ఇబ్రహీంపట్నము. హైదరాబాదు నుండి నాగార్జునసాగరమునకు పోవు బాటమీద నున్నది. 1550 మొదలు 1580 వఱకు గోలకొండ నేలిన ఇబ్రహీం కుతుబ్ షా పేరు ఈ యూరికిని, ఊరి పెద్దచెఱువునకును నిలిచినది. చెఱువుకట్ట నెక్కినవారికి రాజు జ్ఞప్తికి వచ్చును. తట్టలతో మట్టి మోసి ఆ కట్ట పోసినవారి పేరు ఒక్కటియు జ్ఞప్తికి రాదు. తరువాతి కాలమున ఈ ప్రాంతము నైజాము ప్రభువు సొంత ఖర్చులకై ప్రత్యేకించిన సర్ఫెఖాసు భూములలోనిది. 1949లో సర్ఫెఖాసు ప్రభుత్వములో కలిసిపోయినది. 1978లో క్రొత్త జిల్లా యేర్పడి, పిమ్మట కొండా వెంకట రంగారెడ్డిగారి పేర ప్రసిద్ధమయినది. ఊరి పేరును జిల్లా పేరును పెద్దలవే యగుట వింత కాదు. నలుగురు మనుష్యులున్న ఇంటిలో కూడ మనము అదే పద్ధతి నవలంబించి, కొందఱి పేర్లను వ్రాసిపెట్టి కొందఱి పేర్లను జారవిడుచుటయే వింత.

మేము చెప్పు పటము దళసరి యట్టకు అతికించినది. అంచులను చెదలు తినినవి. నడుమ కుర్చీలో మా ముత్తాతగారు కూర్చున్నారు. షేర్వాణి, తలకు రుమాలు, మోకాళ్లపై చేతికఱ్ఱ. కుడిప్రక్క మా తాతగారు నిలుచున్నారు; అప్పటికి పదునెనిమిదేండ్ల పడుచువారు. వెనుక సగము తెఱచిన తలుపు, దాని లోపల చీకటి. ఎడమయంచున ఒక బాలుఁడు కుర్చీ మీదికి గొడుగు ఎత్తిపట్టి యున్నాఁడు. ఆ బాలుని ముఖములో సగమే కనబడును. తక్కిన సగమును అట్ట కత్తిరించినవాఁడు కత్తిరించివైచెను. పటము వెనుక ఉర్దూలో ముత్తాతగారి పేరు, తాతగారి పేరు, 1356 అను అంకె యున్నవి. అది ఫసలీ సంవత్సరము. నైజాము రాజ్యపు ఫసలీకి 590 కలిపినచో క్రీస్తుశకము వచ్చును. ఆ సంవత్సరము అక్టోబరులో ఆరంభమగును గావున 1356 ఫసలీ యనగా 1946–47. గొడుగు పట్టినవాని పేరు వెనుక లేదు.

మా నాయనమ్మగారికి తొంబదియేండ్లు దాటినవి. చూపు మందగించినది గాని జ్ఞాపకము మందగింపలేదు. పటమును కన్నుల దగ్గఱకు తెచ్చుకొని, భర్తను గాని మామను గాని చూడక, అంచునందలి బాలునిపై వ్రేలు పెట్టిరి. "గీ పిల్లగాన్ని ఎవలూ అడుగరేంది బిడ్డా? పేరు నాకెరుకే" యని ఆ పేరు చెప్పిరి. ఆ పేరును మేమిట ప్రకటింపము. ఏల ప్రకటింపమో ముందు చెప్పెదము.

వారు చెప్పిన కథ యిది. ఆ బాలుని తండ్రి మా ముత్తాతగారియొద్ద కొంత ధాన్యమును, కొంత సొమ్మును అప్పు తీసికొనెను. తీర్పకయే మరణించెను. అప్పునకు బదులుగా కొడుకు మా యింటికి పనికి వచ్చెను. ఈ యేర్పాటును ఆ దినములలో భగేలా యనెడివారు. బాలుఁడు వచ్చునప్పటికి పదేండ్లవాఁడు. పశువులను తోలుట, నీరు చేదుట, పెద్దల కాళ్లు పిసుకుట, ఎండలో గొడుగు పట్టుట వాని పనులు. ఆరేండ్లుండెను. అప్పు ఎంత, దానిలో ఎంత తీరెనో నాయనమ్మగారికి తెలియదు. "లెక్క మీ ముత్తాతకే ఎరుక. గాయన చెప్పిందే లెక్క" అనిరి. మఱి, "మా ఇంటి పిల్లగాని తీరుగనే ఉండె. మంచిగ తినబెట్టినం" అనియు చెప్పిరి.

పటము దీయునాఁడు మీరెక్కడ నుంటిరని మేము అడిగితిమి. అప్పటికి వారు పండ్రెండేండ్ల క్రొత్త కోడలు. వారు చీకటి తలుపును చూపి, "గా తలుపెనుకనే ఉన్న. ఆడోళ్లు బైటికి రావొద్దన్నరు" అని నవ్విరి. ఆ పటము మా వంశమునకు గుఱుతుగా తీయించినది. ఆ యింటి అన్నము వండినవారు తలుపు వెనుక నుండిరి. ఆ యింటి పశువులను కాచినవాఁడు అంచున కత్తిరింపఁబడెను.

ఛాయాచిత్రము ఉన్నదున్నట్లు చూపునని మనము నమ్ముదుము. అది తన యెదుట నుంచినదానినే చూపును. ఎదుట నెవరిని నిలుపవలయునో నిర్ణయించువాఁడు సొమ్ము చెల్లించువాఁడు. రాజా దీనదయాళుగారు 1886లో సికింద్రాబాదున చిత్రశాల తెఱచిరి; ఆఱవ నైజాము ఆస్థానచిత్రకారులుగా పేరొందిరి. 1892లో వారు హైదరాబాదున స్త్రీలకై ప్రత్యేకముగా జనానా చిత్రశాల నేర్పఱచి, దానిని ఒక ఆంగ్లేయస్త్రీకి ఒప్పగించిరి. ఘోషాలోని స్త్రీలకు కూడ తమ రూపమును నిలుపుకొన నవకాశము కలిగెను. మంచిపనియే. కాని అచ్చటికి పోఁగలిగినవారు నగరపు సంపన్నగృహముల స్త్రీలు. ఇబ్రహీంపట్నపు కోడలికి తలుపు వెనుక చీకటియే మిగిలినది. గొడుగు పట్టిన బాలునికి అంచు మిగిలినది.

తెలంగాణమున పటమను మాటకు మఱియొక యర్థము కలదు. గుడ్డపై వరుసగా బొమ్మలు వ్రాసిన పొడవైన చుట్టను విప్పుచు, ఆశ్రితజాతుల కథకులు ఒక్కొక్క కులమునకు దాని కులపురాణమును వినిపించెడివారు. చేర్యాల నకాషీవారు వ్రాసిన పటములు నేఁటికిని ప్రసిద్ధములు. సాలెలకు మార్కండేయపురాణమును, చాకలివారికి మడేలు పురాణమును, మాదిగలకు జాంబపురాణమును చెప్పువారు వేఱువేఱుగా నుండిరి. భూమి లేనివారికిని, చదువు లేనివారికిని ఈ పటము "మీకును ఒక మూలపురుషుఁడు కలఁడు" అని చెప్పెను. అది గొప్ప ఉపకారము. అయినను కులపురాణము ఆదిపురుషుని చెప్పును గాని నిన్నటి తాతను చెప్పదు. ఆదిపురుషునికిని తండ్రికిని నడుమనున్న చీకటిలో, ఎవరి పొలములో ఎవరు చాకిరి చేసిరో ఆ సంగతి యంతయు మఱుగుపడినది.

ఈ సంగతి వ్రాసిపెట్టుదమని మేమనఁగా మా చిన్నాయనగారు ఒప్పుకొనలేదు. వారు చెడ్డవారు కారు. పెద్దలయెడ భక్తి గలవారు. వారి యాక్షేపణలు మూఁడు. అవి మా పాఠకుల ఇండ్లలో కూడ వినబడునవే గావున ఒక్కొక్కదానిని విచారింతము.

"ముసలివారి జ్ఞాపకమును నమ్మవచ్చునా?" అనునది మొదటిది. ఇందు కొంత నిజమున్నది. నాయనమ్మగారు ఈ పటమును పోలీసు చర్య జరిగిన మఱుసటి యేట తీసిరని చెప్పిరి. పోలీసు చర్య 1948 సెప్టెంబరులోనిది. పటము వెనుకనున్న అంకె అంతకు ముందరిది. కనుక కాలము విషయమున వారు పొరబడిరి. పల్లెలలో పెద్దలు సంవత్సరములను అంకెలతో లెక్కింపరు. మూసీ వరద వచ్చిన యేడనియు, పోలీసు చర్య యేడనియు లెక్కింతురు. పెద్ద సంఘటన తన చుట్టునున్న చిన్న సంగతులను తనవైపునకు లాగికొనును. తేదీ తప్పినంత మాత్రమున మనిషి తప్పునా? బాలుఁడు పటములోనే యున్నాఁడు. జ్ఞాపకమును పరీక్షింపవలసినదే. పరీక్షింపక త్రోసివేయుట మాత్రము పరీక్ష కాదు.

"నేఁటి నీతితో నాఁటివారిని కొలువరాదు" అనునది రెండవది. ఇది పెద్దమాటవలె వినబడును. కాని ఆ నీతి నేఁటిది మాత్రమే యనుట నిజము కాదు. ఆంధ్ర జనసంఘమువారు 1920ల నుండియే వెట్టిచాకిరిని ఖండించుచు వచ్చిరి. 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతను మొదటి నైజామాంధ్ర మహాసభ జరిగెను. నైజాము ప్రభుత్వము సైతము 1936లో భగేలా ఒడంబడికలను అదుపులో పెట్టుటకు శాసనము చేసెను. మా పటము దీయునప్పటికి ఆ శాసనము పుట్టి పదేండ్లయినది. ఉర్దూ చదివి కాగితములు వ్రాయఁగల మా ముత్తాతగారికి ఆ సంగతి బొత్తిగా తెలియదనుట కష్టము. మనము వారిని కొలుచుట నేఁటి కొలతతో కాదు. ఆ కాలమున వారి యింటి గడపదాఁక వచ్చిన కొలతతోనే. ఆ కాలము వేఱనువారు, ఆ కాలములోనే ఆ యన్యాయమును అన్యాయమని చెప్పినవారు కూడ నుండిరని మఱచుచున్నారు.

మూఁడవది కఠినమైనది. "తాతలు చేసిన దానికి మనుమలు దోషులా?" అని చిన్నాయనగారు అడిగిరి. కారని మా నిశ్చితాభిప్రాయము. దోషము చేసినవానిది. అది రక్తముతో పాఱదు. కాని ఋణము మాట వేఱు. మన ధర్మశాస్త్రములు తండ్రి యప్పును కొడుకు తీర్పవలయునని విధించినవి. జూదమునకు, త్రాగుడునకు చేసిన అప్పులు తప్ప తక్కినవానికి కొడుకును మనుమఁడును కట్టుబడియుండవలసినదే. దానిని పుత్రుని పవిత్రబాధ్యత యని న్యాయస్థానములు కూడ చాలకాలము మన్నించినవి. 2005లో హిందూ వారసత్వ చట్టమును సవరించునప్పుడు గాని ఆ నియమము తొలగలేదు. శాస్త్రము చదువని ఋణదాతలు సైతము ఈ న్యాయమును పేదవాని కొడుకుపై ప్రయోగించిరి. మా యింట గొడుగు పట్టిన బాలుఁడు చేసిన అప్పేమియు లేదు. తండ్రి చేసిన యప్పు పదేండ్ల కొడుకు మెడమీదికి వచ్చెను.

ఇపుడు చూడుఁడు. పేదవాని కొడుకునకు తండ్రి యప్పు సంక్రమించును. మా యింటి మనుమలకు మాత్రము తాతగారి ఇల్లును, పొలమును, పరువును సంక్రమించును గాని ఆరేండ్ల చాకిరి లెక్క సంక్రమింపదు. ఒకే ఊరిలో, ఒకే గుమ్మమున, రెండు విధములైన వారసత్వములా? అప్పు దిగునది లేనివాని కొడుకునకు, గౌరవము దిగునది ఉన్నవాని కొడుకునకు! పితృఋణమని మనము పూజ్యముగా చెప్పుకొను మాటకు ఇదియే యర్థమయినచో, ఆ మాటను విడిచిపెట్టుట మేలు. అట్లుగాక దానికి నిజమైన యర్థమున్నదనినచో, తండ్రులనుండి తీసికొన్నవాఁడు తండ్రులు ఇయ్యవలసినదానిని కూడ తెలిసికొనవలయును. దోషము మాది కాదు. లెక్క మాది.

ఆచారమును నమ్మువారికి ఒక మాట. తర్పణము విడుచువారు తమ తండ్రితాతలకును, తల్లిదండ్రుల వంశములవారికిని నీరు విడిచిన పిదప ఊరకుండరు. తల్లి గాని, తండ్రి గాని, బంధువు గాని లేనివారి నిమిత్తము కూడ నీరు విడుచు పద్ధతి యున్నది. పేరు తెలియనివారికి సైతము మన దోసిట కొంత భాగమున్నదని ఆ విధి చెప్పుచున్నది. పేరు తెలియనివారికి నీరు విడుచు మనము, పేరు తెలిసినవాని పేరును పటము వెనుక వ్రాయుటకు వెనుదీయుదుమా?

ఇంతవఱకు వాదము. ఇఁక జరిగినది చెప్పెదము. ఆ బాలుని జాడ కొఱకు 1954–55 నాటి ఖాస్రా పహాణీని చూచితిమి. మన తెలంగాణమున భూమి సంగతులకు అది మూలమువంటిది. పట్టాదారుఁడెవరు, సాగు చేయువాఁడెవరు అనునవి అందు వ్రాయఁబడినవి. వాని పేరు లేదు. భూమి లేనివాని పేరు భూమి పుస్తకములో నుండుటకు కారణమేమున్నది? కాగితము మాటాడని చోట నాయనమ్మగారి మాటయే దారి చూపినది. వారు చెప్పిన గుఱుతులను బట్టి విచారింపఁగా, వాని కుమారుఁడు ఊరికి దాపుననే మనుమలతో నుండెనని తెలిసినది. తండ్రి గతించి చాలకాలమయినదఁట. మేము పటము తీసికొని పోయితిమి.

ఆయన పటమును చాలసేపు చూచెను. తన తండ్రి బాల్యపు రూపమును ఆయన అంతకు మున్నెన్నఁడును చూచి యుండలేదు. ఆ యింట ఆయన తండ్రి పటము ఏ వయస్సుదియు లేదు. మేము సిద్ధపఱచుకొని పోయిన క్షమాపణవాక్యములు ఆయనకు అక్కఱలేకపోయినవి. "మా నాయిననొక్కన్ని పెద్దగ చేసి ఇయ్యొస్తదా? తక్కినోళ్లు అక్కర లేదు" అని అడిగెను. ఒకనాఁడు పటమును కత్తిరించిన కత్తెర ఆయన చేతికి వచ్చినట్లు మాకు తోఁచినది. అందులో మాకు అన్యాయమేమియు కనబడలేదు.

నాయనమ్మగారు చెప్పిన కథను మేమాయనకు వినిపించితిమి. "ఇంటి పిల్లగాని తీరుగ" అను మాట వచ్చినపుడు ఆయన చేయి యెత్తి ఆపెను. తన తండ్రి చెప్పినది వేఱనెను. కొట్టములో పశువుల దగ్గఱ పడుక; అందఱు తినిన పిదప కొట్టము వాకిట వేఱుపళ్లెములో కూడు; ఒకసారి దూడ తప్పిపోయినందుకు దెబ్బలు. ఆయన కోపముతో చెప్పలేదు. లెక్క సరిచేయువాఁడు చెప్పినట్లు చెప్పెను. తండ్రి పేరును అప్పు కథతో కలిపి నలుగురిలో వేయవద్దని మాత్రము కోరెను. "పేరు మాది. చెప్పుకుంటే మేం చెప్పుకుంటం" అనెను. అందుచేతనే మేమా పేరును ఇచట ప్రకటింపలేదు. మఱచినవారికి పేరును జ్ఞాపకముంచుకొను బాధ్యత కలదు గాని, దానిని తమ సుగుణమునకు సాక్ష్యముగా ఊరేగించు అధికారము లేదు.

ఇంటికి వచ్చి నాయనమ్మగారితో చెప్పితిమి. వారు కొంతసేపు మాటాడలేదు. పిదప, "అది గూడ నిజమే. గా పళ్లెం నేనే పెడుతుంటి" అనిరి. అబద్ధమాడితిరా యని మేమడుగలేదు. అడుగఁదగదు. డెబ్బదియేండ్లుగా వారు తమకు సహింపఁదగిన భాగమును జ్ఞాపకముంచుకొని, సహింపరాని భాగమును లోపల దాఁచుకొనిరి. పండ్రెండేండ్ల కోడలికి ఆ పళ్లెమును గడప లోపలికి తెచ్చు స్వాతంత్ర్యము లేదు. కాని ఆ బాలుని పేరును మఱవకుండుట వారి చేతిలోనిది; దానిని వారు చేసిరి. అవ్వల కథలు వినువారు ఈ రెంటిని గ్రహింపవలయును. కథ చెప్పువారి ప్రేమ నిజము. ఆ ప్రేమ కప్పిపెట్టినదియు నిజము. ఒక్క ఇంటి కథ వినినవాఁడు సగమే వినినట్లు. ఆ యింట చాకిరి చేసినవారి ఇంటిలో అదే కథను మఱల విననిదే చరిత్రము పూర్తి కాదు.

తన్ను లేదన్నవారికి లెక్క చూపుట ఒక గౌరవమైన పనియని తెలంగాణమునకు తెలియును. ఇచట కవులు లేరన్న మాటకు బదులుగా సురవరము ప్రతాపరెడ్డిగారు 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. వాదించుటకంటె పేర్లు కూర్చుట బలమైన సమాధానమయినది. ఆ పని ఒక ప్రాంతమునకు ఎంత యవసరమో, ఒక్కొక్క గృహమునకును అంత యవసరము. మన యింట ఎవరు లేరని మనము ఇంతకాలము చెప్పుచు వచ్చితిమో, వారి పేర్లను మనమే కూర్పవలయును.

కనుక మా పాఠకులకు మేము విన్నవించునది స్వల్పము. మీ యింటి పటములను పెద్దలు సజీవులై యుండగనే వారి యెదుట పెట్టుఁడు. నడుమ కూర్చున్నవారిని గుఱించి తరువాత అడుగవచ్చును. అంచులనున్నవారిని మొదట అడుగుఁడు. పటములో లేనివారిని కూడ అడుగుఁడు. వంట యెవరు చేసిరి? బిడ్డల నెవరు ఎత్తిరి? పటము దీయుచుండగా స్త్రీలెక్కడ నుండిరి? కంటితో చూచినదానిని, చెవితో వినినదానిని, మీరు ఊహించినదానిని వేఱువేఱుగా వ్రాయుఁడు. పెద్దలు తేదీ తప్పినచో వారిని తప్పుపట్టక, రెండు తేదీలను వ్రాసిపెట్టుఁడు. పటము వెనుక మెత్తని పెన్సిలుతో పేర్లు వ్రాయుఁడు. సిరా ముందుప్రక్కకు ఊరును. అన్నిటికంటె ముఖ్యముగా, దొరికిన సంగతి మఱియొక ఇంటివారిదైనచో దానిని మొదట ఆ యింటికి చేర్పుఁడు.

ఇందువలన ఇంటి పరువు పోవునని భయపడువారికి మా యనుభవము చెప్పి ముగించెదము. మా ముత్తాతగారి పటమును గోడమీదినుండి మేము తీసివేయలేదు. వారు ఊరిలో బావి త్రవ్వించినదియు నిజము. కొడుకులను చదివించినదియు నిజము. ఒక బాలుని ఆరేండ్ల జీవితమును లెక్కలేకుండ తీసికొనినదియు నిజము. మొదటి రెంటిని చెప్పుటకు మాకున్న హక్కు మూఁడవదానిని చెప్పినపుడే నిలుచును. చిన్నాయనగారు మాతో నింకను ఏకీభవింపలేదు. అయినను మొన్న వారి మనుమరాలు పటము చూచి "గొడుగు పట్టినదెవరు తాతా?" యని యడుగఁగా, వారు కొంచెము తడవు ఊరకుండి, పటమును త్రిప్పి, వెనుక క్రొత్తగా పెన్సిలుతో వ్రాసిన మూఁడవ పేరును చదివి వినిపించిరి.